హ్యూమన్ ఓజీజీ1 ట్యూబు చచ్చిందా, బతికే ఉందా?

నువ్వు అడిగింది ఇదీ: తిరుపతిలో పీహెచ్‌డీ రెండో ఏడు. బంగారుపాళెం చుట్టుపక్కల మామిడి తోటల్లో పురుగుమందు కొట్టే కూలీల రక్తకణాల్లో, ఆక్సిడేషన్ వల్ల డీఎన్‌ఏకు ఎంత దెబ్బ తగులుతోందో కామెట్ పరీక్షతో (దెబ్బతిన్న డీఎన్‌ఏ కణంలోంచి తోకచుక్కలా బయటికి సాగుతుంది, తోక ఎంతుంటే దెబ్బ అంత) చూడాలి. దానికోసం రీకాంబినెంట్ (జీన్‌ను వేరే కణాల్లో పెట్టి తయారుచేసిన) హ్యూమన్ ఓజీజీ1 తెప్పించావు, ఆక్సిడేషన్‌తో చెడిన గ్వానిన్ బేస్‌ను డీఎన్‌ఏలోంచి ఊడదీసే ఎంజైమ్ అది. మే నెల ఎండల్లో పార్సిల్ వచ్చింది, తెరిస్తే ఐస్ ప్యాకులు నీళ్లయిపోయి ఉన్నాయి. డీలరు మార్చి ఇవ్వనన్నాడు. సరే చూద్దామని 23 బేసుల ఆలిగో (కృత్రిమంగా చేసిన చిన్న డీఎన్‌ఏ ముక్క) మీద పరీక్షిస్తే గంటకు 18 శాతమే తెగింది. అదే ఆలిగోను బ్యాక్టీరియా ఎంజైమ్ ఎఫ్‌పీజీ మొత్తం కోసేసింది. పైగా ట్యూబు మైనస్ 20లో పెట్టినా గడ్డకట్టడం లేదు. ఎంజైమ్ చచ్చిపోయిందా, ఎఫ్‌పీజీతోనే కానిచ్చేయాలా, లేకపోతే మన ల్యాబులోనే తయారుచేసుకోవచ్చా?

నా విద్యార్థుల వయసు నీది, అందుకని నువ్వు అనే రాస్తున్నా, ఏమీ అనుకోకు. ఇరవై ఏళ్లకు పైగా ఈ ఊళ్లోనే డీఎన్‌ఏ రిపేర్ ఎంజైమ్‌లతో పనిచేస్తున్నా. నీ ఎంజైమ్ చావలేదమ్మా. ఆ మాట నీ లెక్కలే చెప్తున్నాయి.

గడ్డకట్టకపోవడం గురించి ముందు చెప్పేస్తా, ఎందుకంటే అనవసరంగా భయపడుతున్నావు. ఇలాంటి ఎంజైమ్‌లను సగానికి సగం గ్లిసరాల్ ఉన్న బఫర్లో (పీహెచ్‌ను నిలకడగా ఉంచే ద్రావణం) పోసి అమ్ముతారు. 50 శాతం గ్లిసరాల్ మైనస్ 20 దగ్గర గడ్డకట్టదు, తేనెలా చిక్కగా ఉంటుంది. అట్లా ఉండాలనే పోస్తారు. గడ్డకట్టి కరగడం ప్రోటీన్‌కు చెడ్డది కాబట్టి. కొందరు మంచి చేస్తున్నామనుకుని మైనస్ 80లో పెడతారు. అక్కడ అది గడ్డకడుతుంది, తీసిన ప్రతిసారీ కరుగుతుంది, ఐదారుసార్లయ్యేసరికి నిజంగానే చస్తుంది. డేటాషీట్‌లో మైనస్ 20 అని ఉంటే మైనస్ 20లోనే పెట్టు.

ఇక నీ లెక్క. 20 మైక్రోలీటర్ల రియాక్షన్‌లో 10 పికోమోల్ డీఎన్‌ఏ, 40 నానోగ్రాముల ఎంజైమ్ వేశానన్నావు. హ్యూమన్ ఓజీజీ1 ఆల్ఫా రూపంలో 345 అమినో ఆమ్లాలు, బరువు సుమారు 39 కిలోడాల్టన్లు. అంటే 40 నానోగ్రాములంటే ఇంచుమించు 1 పికోమోల్. 10 పికోమోల్‌లో 18 శాతం తెగిందంటే 1.8 పికోమోల్ తెగినట్టు. ఒక్కో ఎంజైమ్ అణువు గంటలో దాదాపు రెండేసి డీఎన్‌ఏలు పూర్తిచేసిందన్నమాట. చచ్చిన ఎంజైమ్ ఒక్కటి కూడా చెయ్యదు.

రెండేనా అని నీకు అనిపిస్తుంది. డీఎన్‌ఏను నిర్ణీత చోట కోసే రిస్ట్రిక్షన్ ఎంజైమ్‌లతో అలవాటుపడిన చెయ్యి అట్లాగే అనుకుంటుంది, కొంచెం వేసి గంట ఆగితే అంతా తెగిపోవాలి కదా అని. ఓజీజీ1 స్వభావం అది కాదు. అది డీఎన్‌ఏ పొడవునా వెతుక్కుంటూ పోయి, 8-ఆక్సోగ్వానిన్ (ఆక్సిడేషన్‌తో చెడిన గ్వానిన్) దొరికితే ఆ బేస్‌ను డీఎన్‌ఏ మెలిక బయటికి తిప్పి, తన జేబులోకి లాక్కుంటుంది. 249వ స్థానంలోని లైసిన్ చక్కెరను పట్టుకుని బేస్‌ను ఊడదీస్తుంది. బేస్ ఊడిపోయాక అక్కడొక ఖాళీ చోటు మిగులుతుంది, దాన్నే ఏపీ సైట్ అంటాం. ఓజీజీ1 ఆ ఖాళీ చోటును వెంటనే వదలదు, గట్టిగా పట్టుకుని కూర్చుంటుంది. కణం లోపల ఇది మేలే, ఎందుకంటే ఏపీ సైట్‌ను అట్లా వదిలేస్తే ప్రమాదం. తరువాతి ఎంజైమ్ ఏపీఈ1 వచ్చి దీన్ని పక్కకు జరిపి పని అందుకుంటుంది. నీ ట్యూబులో ఏపీఈ1 లేదు. ఒక్కో ఓజీజీ1 ఒకటి రెండు డీఎన్‌ఏల దగ్గరే ఇరుక్కుపోయింది. నీకొచ్చిన 18 శాతం అదే.

ఇంకో సంగతి ఉంది, నీ రియాక్షన్‌లో అసలు మెలిక అక్కడే అని నా నమ్మకం. ఓజీజీ1 చేసే పనులు రెండు. ఒకటి బేస్ ఊడదీయడం. రెండోది, ఆ ఖాళీ చోటు దగ్గర డీఎన్‌ఏ పోగును తెంపడం. మొదటి పని బాగా చేస్తుంది, రెండోది మొక్కుబడిగా చేస్తుంది. నీ బఫర్లో 10 మిల్లీమోలార్ మెగ్నీషియం క్లోరైడ్ ఉందన్నావు. మెగ్నీషియం ఉంటే ఈ రెండో పని ఇంకా మందగిస్తుంది, అప్పుడు ఓజీజీ1 దాదాపుగా బేస్ ఊడదీసి ఊరుకునే ఎంజైమ్ అయిపోతుంది. నువ్వు జెల్ మీద చూస్తున్నది తెగిన పోగునే. బేస్ ఊడినా పోగు తెగకపోతే ఆ డీఎన్‌ఏ పూర్తి పొడవు పట్టీలోనే కూర్చుంటుంది, నీ కంటికి పని జరగనట్టే ఉంటుంది. ఎఫ్‌పీజీ అట్లా కాదు, బేస్ ఊడదీసి, పోగును రెండు పక్కలా తెంపి చేతులు దులుపుకుంటుంది. రెండింటినీ ఒకే జెల్ మీద, వేరే ఏ చర్యా లేకుండా పోల్చావు కాబట్టి మన ఎంజైమ్ ఓడిపోయినట్టు కనిపించింది.

నువ్వు శాంపిల్‌ను ఫార్మమైడ్ డైతో కలిపి 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు కాచి జెల్‌లోకి వేశానన్నావు. ఆ వేడికి కూడా కొన్ని ఏపీ సైట్లు వాటంతటవే తెగుతాయి. ఎన్ని తెగుతాయన్నది ఆ రోజు బ్లాకు వేడిని బట్టి, డై పీహెచ్‌ని బట్టి మారుతుంది. ఒకరోజు 12, ఒకరోజు 25 వచ్చిందంటే ఎంజైమ్ మీద అనుమానపడకుండా దీన్ని గుర్తుపెట్టుకో.

ఇప్పుడు చెయ్యాల్సింది చెప్తా. రేపు పొద్దున మళ్లీ పెట్టు. డీఎన్‌ఏను 10 నుంచి 1 పికోమోల్‌కు దించు. ఎంజైమ్‌ను పావు, అర, 1, 2, 4 పికోమోల్‌గా ఐదు ట్యూబుల్లో వెయ్యి. 37 డిగ్రీల దగ్గర అరగంట చాలు. ఆపడానికి సోడియం హైడ్రాక్సైడ్ (క్షారం) 0.1 మోలార్ అయ్యేలా వేసి 95 డిగ్రీల దగ్గర ఐదు నిమిషాలు ఉంచు. బేస్ ఊడిన ప్రతి చోటూ అప్పుడు తెగుతుంది. ఆ తరువాతే డై కలుపు. ప్రతి పాయింటుకూ జంటగా ఇంకో ట్యూబు పెట్టి దాంట్లో క్షారం వెయ్యకుండా మామూలుగా ఆపు. రెండు పట్టీల మధ్య తేడానే, బేస్ ఊడి పోగు తెగని డీఎన్‌ఏ ఎంతో చూపిస్తుంది. ఎంజైమ్ డీఎన్‌ఏతో సమానంగా గానీ రెట్టింపుగా గానీ ఉన్నచోట, క్షారం వేసిన గీతలో (జెల్ మీద ఆ శాంపిల్ నడిచిన వరుసలో) డీఎన్‌ఏలో ఎక్కువ భాగం తెగి కనిపించిందంటే నీ ట్యూబు నిక్షేపంగా ఉన్నట్టు. నాలుగు రెట్లు వేసినా పాతిక శాతం దాటకపోతే అప్పుడు డీలరుతో గట్టిగా మాట్లాడదాం, చేతిలో జెల్ ఉంటుంది కదా.

కంట్రోళ్లు మానెయ్యొద్దు. ఎంజైమ్ లేకుండా క్షారంతో కాచిన డీఎన్‌ఏ ఒకటి తప్పనిసరి, ఎందుకంటే క్షారానికే ఎంత తెగుతోందో తెలియాలి. మామూలు గ్వానిన్ ఉన్న జంట ఒకటి. 8-ఆక్సోగ్వానిన్ ఎదురుగా సైటోసిన్ బదులు అడెనిన్ పెట్టిన జంట ఒకటి. ఈ చివరిది నాకు చాలా ఇష్టమైన కంట్రోలు. ఓజీజీ1 ఎదుట సైటోసిన్ ఉంటేనే కోస్తుంది, అడెనిన్ ఉంటే దాదాపు ముట్టుకోదు. అది పొరపాటు కాదు. కణంలో 8-ఆక్సోగ్వానిన్‌కు ఎదురుగా అడెనిన్ చేరిందంటే కాపీ చేసేటప్పుడు తప్పు అప్పటికే జరిగిపోయినట్టు. అప్పుడు ఆక్సోగ్వానిన్‌ను తీసేస్తే, ఎదుట ఉన్న తప్పు అడెనిన్‌ను చూసి కణం అక్కడ థైమిన్ నింపేస్తుంది, గ్వానిన్ పోయి థైమిన్ రావడం శాశ్వతమైపోతుంది. అందుకే అక్కడ ఎంవైహెచ్ అనే వేరే ఎంజైమ్ వచ్చి ముందు అడెనిన్‌ను తీస్తుంది. నీ ట్యూబులో ఎంజైమ్ ఆ అడెనిన్ జంటను కూడా శుభ్రంగా కోసేస్తుంటే అది ఓజీజీ1 ఒక్కటే కాదు, దానితోపాటు ఇంకేదో ఉంది.

ఆలిగో సంగతి కూడా అడగాలి. రెండు పోగులను నీళ్లలో కలిపి కాచి చల్లార్చావా, ఉప్పున్న బఫర్లోనా? ఇది చిన్న విషయంలా ఉంటుంది గానీ, నా దగ్గరికి వచ్చిన ఇట్లాంటి ఫిర్యాదుల్లో చాలావాటికి మూలం ఇదే. ఉప్పు లేని నీళ్లలో రెండు పోగులూ సరిగ్గా జతకట్టవు. ఓజీజీ1 ఒంటి పోగును కొయ్యదు. 50 నుంచి 100 మిల్లీమోలార్ సోడియం క్లోరైడ్ ఉన్న బఫర్లో, ఫ్యామ్ (జెల్ మీద వెలిగే రంగు గుర్తు) లేని ఎదుటి పోగును ఓ పావువంతు ఎక్కువ వేసి, 95 డిగ్రీల నీళ్ల గిన్నెలో పెట్టి, ఆ గిన్నెను అట్లాగే బల్ల మీద వదిలెయ్యి. నీళ్లు గది వేడికి వచ్చేసరికి జత కుదురుతుంది. 8-ఆక్సోగ్వానిన్ మామూలు గ్వానిన్ కన్నా తేలికగా మళ్లీ ఆక్సిడైజ్ అవుతుంది కూడా, కాబట్టి ఆలిగోను చిన్నచిన్న వాటాలు చేసి మైనస్ 20లో చీకట్లో దాచు. వెలుగులో బల్ల మీద గంటలతరబడి వదిలెయ్యకు.

మరి మే నెల ఎండ? దానికీ నాకూ పాత పరిచయం. ఒకసారి మాకు ఒక ఎంజైమ్ పార్సిల్ శుక్రవారం సాయంత్రం గేటు దగ్గరికి చేరింది. సంతకం పెట్టి లోపలికి తెచ్చేవాళ్లు లేక సోమవారం పొద్దున దాకా రేకుల గదిలోనే ఉండిపోయింది. థర్మకోల్ డబ్బా మూత తీస్తే లోపలి జెల్ ప్యాకు గోరువెచ్చగా ఉంది, ట్యూబు మీద లేబులు తడిసి ఊడిపోయి ప్యాకుకు అతుక్కుని ఉంది. ఆ ట్యూబును పారెయ్యాలని మా పిల్లలు అప్పటికే తీర్మానం చేసేశారు. టైట్రేషన్ (ఎంజైమ్‌ను వేర్వేరు మోతాదుల్లో వేసి కొలవడం) చేసి చూస్తే సగం చురుకుదనం మిగిలే ఉంది. రెట్టింపు వేసుకుని ఆ ట్యూబుతోనే నెలరోజులు పనిచేసుకున్నాం. గ్లిసరాల్, చిక్కటి ప్రోటీన్, డీటీటీ (ప్రోటీన్ ఆక్సిడైజ్ కాకుండా ఆపే రసాయనం) ఇవి మూడూ దాన్ని కాపాడతాయి. కాబట్టి ఐస్ ప్యాకు కరిగిందని పారెయ్యొద్దు, కరగలేదని నమ్మొద్దు, కొలిచి చూడు. ఆర్డరు ఇచ్చేటప్పుడు మాత్రం సోమవారమో మంగళవారమో బయల్దేరేలా రాయించు. చెన్నై నుంచో బెంగళూరు నుంచో తిరుపతికి రోడ్డు మీద ఒక్క పూట దారే గానీ మధ్యలో గోడౌనులో ఆదివారం గడిచిందంటే అయిపోయినట్టే.

ఫ్రీజరును ఒకసారి చూసుకో. మంచు పేరుకోకుండా తనంతట తానే కరిగించుకునే ఇళ్ల ఫ్రిజ్ లాంటిదైతే ఎంజైమ్‌లకు పనికిరాదు, ఎందుకంటే రోజులో కొన్నిసార్లు అది లోపల వేడెక్కుతుంది. వేసవిలో సాయంత్రం గాలివాన వచ్చి కరెంటు పోయే ఊరు మనది. మా దగ్గర ఎంజైమ్ ట్యూబులన్నీ మైనస్ 20 కూలర్ డబ్బాలో పెట్టి, ఆ డబ్బాను ఫ్రీజర్లో అడుగున ఉంచుతాం. కరెంటు మూడు గంటలు పోయినా లోపల పెద్దగా మారదు.

పలుచన చేసే విషయంలో ఒక్క మాట. 40 నానోగ్రాములు తియ్యడానికి స్టాకును నీళ్లలో కలిపావేమో. నీళ్లలోగానీ ఉత్త బఫర్లోగానీ పలుచన చేసిన ఎంజైమ్ ప్లాస్టిక్ గోడకు అతుక్కుపోతుంది. బీఎస్ఏ (ఆవు రక్తంలోంచి తీసిన ప్రోటీన్) మిల్లీలీటరుకు 0.1 మిల్లీగ్రామన్నా ఉన్న బఫర్లో, ఐస్ మీద, ఆరోజు వాడుకునేంత మాత్రమే చెయ్యి. మిగిలింది మళ్లీ స్టాకులో పొయ్యకు. రియాక్షన్‌లో గ్లిసరాల్ 5 శాతం దాటకుండా, ఉప్పు 100 మిల్లీమోలార్ దాటకుండా చూసుకో, ఉప్పెక్కువైతే ఓజీజీ1 డీఎన్‌ఏను పట్టుకోలేదు.

రెండో ప్రశ్న, ఎఫ్‌పీజీతో సరిపెట్టుకోవచ్చా అన్నది. నీ పనికి మాత్రం వద్దంటాను. ఎఫ్‌పీజీ చవక, గట్టిది, కామెట్‌లో వాడుక ఎక్కువ, అన్నీ నిజమే. కానీ అది ఆక్సిడేషన్ దెబ్బతోపాటు ఆల్కైలేషన్ (మిథైల్ లాంటి గుంపులు డీఎన్‌ఏకు అంటుకోవడం) దెబ్బ నుంచి వచ్చిన విచ్చుకున్న గ్వానిన్‌ను కూడా కోస్తుంది. 2006లో మ్యూటజెనిసిస్ పత్రికలో స్మిత్, ఒడొనోవన్, మార్టిన్ రాసిన పేపరు ఇదే చూపించింది: ఆల్కైలేషన్ చేసే మిథైల్ మీథేన్ సల్ఫొనేట్ ఇచ్చిన కణాల్లో ఎఫ్‌పీజీ తోకలు పెంచింది, హ్యూమన్ ఓజీజీ1 పెంచలేదు. నువ్వు చూడబోయేది తోటల్లో మందు కొట్టే మనుషులను. వాళ్లు వాడే ఆర్గనోఫాస్ఫరస్ మందుల్లో చాలావాటికి మిథైల్ గుంపులు ఉంటాయి. ఎఫ్‌పీజీతో చేస్తే తోక పెరిగినప్పుడు అది ఆక్సిడేషనా, మందే నేరుగా అంటుకుందా అన్నది విడదీసి చెప్పలేవు. ఆ కూలీలు రక్తం ఇచ్చేది నువ్వేదో కచ్చితంగా చెప్తావనే నమ్మకంతో. డబ్బు కుదిరితే రెండూ పెట్టు. ఎఫ్‌పీజీ ఎక్కువ, ఓజీజీ1 తక్కువ వచ్చిన మనిషి దగ్గర ఆ తేడానే నీ థీసిస్‌లో ఒక అధ్యాయం అవుతుంది.

కామెట్‌లో ఇంకో వెసులుబాటు ఉంది. ఓజీజీ1 పోగును సరిగ్గా తెంపదని పైన అంత చెప్పాను కదా, కామెట్‌లో ఆ బాధ లేదు. ఎంజైమ్ తరువాత స్లైడును ఎట్లాగూ 0.3 మోలార్ సోడియం హైడ్రాక్సైడ్‌లో ముంచుతావు, ఖాళీ చోట్లన్నీ అక్కడే తెగిపోతాయి. ఆలిగో మీద బలహీనంగా కనిపించిన ఎంజైమ్ కామెట్‌లో చక్కగా పనిచేయడానికి కారణం ఇదే.

అక్కడ దెబ్బతీసేది వేరేది. కణాలను కరిగించే లైసిస్ ద్రావణంలో 2.5 మోలార్ ఉప్పు, 100 మిల్లీమోలార్ ఈడీటీఏ (లోహాలను పట్టేసే రసాయనం) ఉంటాయి, పీహెచ్ 10. అందులోంచి తీసిన జెల్ మీద నేరుగా ఎంజైమ్ వేస్తే అది నిమిషం కూడా నిలవదు. ఎంజైమ్ బఫర్లో ఐదేసి నిమిషాల చొప్పున మూడుసార్లు కడగాలి. ఆ బఫర్ 40 మిల్లీమోలార్ హెపీస్, 0.1 మోలార్ పొటాషియం క్లోరైడ్, 0.5 మిల్లీమోలార్ ఈడీటీఏ, మిల్లీలీటరుకు 0.2 మిల్లీగ్రాముల బీఎస్ఏ, పీహెచ్ 8. ఈడీటీఏ ఉందేంటి అని కంగారుపడకు, ఓజీజీ1కు లోహం అక్కర్లేదు. ఈడీటీఏ వల్ల ఇతర న్యూక్లియేజులు (డీఎన్‌ఏను కోసే ఎంజైమ్‌లు) నోరుమూసుకుంటాయి. కానీ నువ్వెప్పుడైనా ఏపీఈ1 కలపాలనుకుంటే ఈ బఫర్ పనికిరాదు, దానికి మెగ్నీషియం ప్రాణం.

ఎంజైమ్ ఎంత వెయ్యాలో కిట్ పుస్తకం చూసి తీసుకోకు. ఒకే దాత కణాలకు పొటాషియం బ్రోమేట్ ఇచ్చి, ఎంజైమ్‌ను నాలుగైదు పలుచనల్లో వేసి చూడు. తోక పెరిగి పెరిగి ఒకచోట నిలుస్తుంది. ఆ చోటును తీసుకో. దానికి మించి వేసినప్పుడు, బ్రోమేట్ ఇవ్వని కణాల్లో కూడా తోక పెరుగుతుంటే ట్యూబులో వేరే న్యూక్లియేజు ఉందని అర్థం. హైడ్రోజన్ పెరాక్సైడ్‌ను పాజిటివ్ కంట్రోలుగా వాడేవాళ్లు చాలామంది, నాకు నచ్చదు. అది ఎక్కువగా నేరుగా పోగులనే తెంపుతుంది, ఎంజైమ్‌కు పని మిగల్చదు. బ్రోమేట్ ప్రధానంగా 8-ఆక్సోగ్వానిన్ చేస్తుంది. బ్రెడ్డు పిండిలో వేసేవాళ్లే, ఆ బ్రోమేటే. మన దేశంలో 2016లో నిషేధించారు. చేతి తొడుగులతో ముట్టుకో.

ప్రతి మనిషికీ బఫర్ మాత్రమే వేసిన స్లైడు ఒకటి ఉండాలి. ఎంజైమ్ స్లైడులోంచి దాన్ని తీసేస్తేనే నీ అంకె. రక్తం తీసే సమయం అందరికీ ఒకటే ఉండాలి, బీడీ సిగరెట్ వివరం తప్పకుండా రాసుకోవాలి. బంగారుపాళెం నుంచి తిరుపతికి రక్తం తెచ్చేలోపు ఎండ తగలకుండా, చల్లగా, కానీ ఐస్‌కు నేరుగా ఆనకుండా తేవాలి. ఈ రంగంలో కొలత ఎంత జారుడుదో తెలుసా? 8-ఆక్సోగ్వానిన్ అంకెలు ల్యాబుకూ ల్యాబుకూ పొంతన లేకుండా వస్తుంటే, యూరప్‌లో ఎస్కాడ్ పేరుతో చాలా ల్యాబులు కూడి ఒకే నమూనాలను పంచుకుని కొలిచి చూసుకున్నాయి. డీఎన్‌ఏను వేరుచేసేటప్పుడే గ్వానిన్ ఆక్సిడైజ్ అయిపోతోందని తేలింది. ఎంజైమ్‌తో కొలిస్తే ఆ బెడద తక్కువ. నీ ఎంపిక మంచిదే.

మూడోది, సొంతంగా చేసుకోవడం. చేసుకోవచ్చు, చేసుకోవాలి కూడా, మీ గైడు ఒప్పుకుంటే. ముందు మీ సంస్థ బయోసేఫ్టీ కమిటీకి రాసి అనుమతి తీసుకో, రీకాంబినెంట్ పనికి 1989 నిబంధనల కింద అది తప్పదు. హిస్ ట్యాగ్ (నికెల్‌కు అతుక్కునే కొస) ఉన్న పెట్ వెక్టర్‌లో (జీన్‌ను మోసే ప్లాస్మిడ్) ఓజీజీ1 ఆల్ఫా, బీఎల్21 డీఈ3 అనే ఈ.కోలై కణాలు. 37 డిగ్రీల దగ్గర ఇండ్యూస్ చేస్తే (ప్రోటీన్ తయారీ మొదలుపెట్టిస్తే) ప్రోటీన్ చాలావరకు కరగని ముద్ద అయిపోతుంది. కల్చరును 16, 18 డిగ్రీలకు చల్లార్చి, ఆ తయారీని మొదలుపెట్టించే ఐపీటీజీ 0.1 నుంచి 0.2 మిల్లీమోలార్ మాత్రమే వేసి రాత్రంతా తిప్పు. వేసవిలో మన షేకర్లు 18కి దిగవు, గది ఏసీ కూడా వేసి ఉంచాలి. లేకపోతే డిసెంబరులో పెట్టుకో, మేం అదే చేస్తాం. నికెల్ కాలమ్‌లో డీటీటీ వెయ్యకు, నికెల్ నల్లబడుతుంది, బీటా మెర్కాప్టో ఇథనాల్ కొద్దిగా చాలు.

నికెల్‌తో ఆపేసేవాళ్లే ఎక్కువ. జెల్ మీద 39 కిలోడాల్టన్ల దగ్గర ఒకే పట్టీ కనిపిస్తే శుద్ధమైపోయిందని సంబరపడతారు. ఇక్కడ జాగ్రత్తగా వినమ్మా. నువ్వు పెంచింది ఈ.కోలైలో. ఈ.కోలైకి సొంతంగా ఎఫ్‌పీజీ ఉంది, అది కూడా నీ ఆలిగోనే కోస్తుంది. ప్రోటీన్‌కు వేసే కూమాసీ రంగుకు కనిపించనంత కొంచెం ఎఫ్‌పీజీ మిగిలినా, ఓజీజీ1 నెమ్మదిది కాబట్టి, నీకు కనిపించే కోతలో పెద్ద వాటా దానిదే కావచ్చు. మేం ఒకప్పుడు ఈ గుంటలోనే పడ్డాం. మా ఎంజైమ్ అద్భుతంగా పనిచేస్తోందని మూడు నెలలు మురిసిపోయాం. ఒకరోజు మా అబ్బాయి ఒకడు జెల్‌ను మామూలు కన్నా రెండు గంటలు ఎక్కువ నడిపాడు. తెగిన పట్టీ ఒకటి కాదు, రెండు. ఒకదాని కింద ఒకటి, వెంట్రుకవాసి తేడాతో.

ఆ తేడాలోనే సంగతంతా ఉంది. ఓజీజీ1 తెంపితే ఫ్యామ్ ఉన్న ముక్క చివర చక్కెర తునక మిగులుతుంది. ఎఫ్‌పీజీ తెంపితే ఆ తునక కూడా పోయి ఉత్త ఫాస్ఫేట్ మిగులుతుంది. ఫ్యామ్ 5 ప్రైమ్ చివర ఉంటే, ఫాస్ఫేట్ ముక్క కొంచెం వేగంగా కిందికి దిగుతుంది. 20 శాతం యాక్రిలమైడ్, 7 మోలార్ యూరియా జెల్, పొడవు పలకలు, ఓపిక, ఇవి ఉంటే విడిపోతాయి. క్షారంతో కాచిన గీతలో ఈ తేడా కనపడదు, కాబట్టి ఈ పరీక్షకు క్షారం వెయ్యని శాంపిలే చూడాలి, పక్కనే అసలు ఎఫ్‌పీజీ గీత పెట్టుకోవాలి. కొన్న ట్యూబుకు కూడా ఈ పరీక్ష ఒకసారి చెయ్యి, నష్టం లేదు.

నికెల్ తరువాత ఎస్‌పీ కాలమో హెపరిన్ కాలమో వేసి ఉప్పు గ్రేడియంట్‌తో నెమ్మదిగా దించితే మిగిలిన చెత్త చాలావరకు పోతుంది. ఎఫ్‌పీజీ జీన్ తీసేసిన ఈ.కోలై దొరికితే ఇంకా మేలు. 249వ లైసిన్‌ను గ్లూటమిన్‌గా మార్చిన మ్యూటెంట్‌ను కూడా అదే రోజు, అదే కాలమ్‌లో, అదే చేతులతో శుద్ధిచెయ్యి. ఆ మ్యూటెంట్‌కు కోత రాకూడదు. వచ్చిందంటే ఆ కోత ఈ.కోలైది. ఇది లేకుండా సొంత ఓజీజీ1 మీద వచ్చిన ఏ అంకెనూ నేను నమ్మను, మా ల్యాబు నుంచి వచ్చినా సరే.

న్యూక్లియేజు ఉందో లేదో చూడటానికి పీయూసీ19 ప్లాస్మిడ్ చాలు. 2,686 బేస్ జతల చిన్న ప్లాస్మిడ్, చుట్టలు చుట్టుకుని ఉన్న రూపంలోనే దాన్ని తీసుకుని, వాడే మోతాదుకు పదిరెట్ల ఎంజైమ్‌తో నాలుగు గంటలు 37లో ఉంచు. అగరోజ్ జెల్ మీద చుట్ట విడిపోయిన రూపం పెరగకూడదు.

ఎంత వస్తుందంటే, లీటరు కల్చరుకు 2 మిల్లీగ్రాములు చేతికొచ్చినా నీ పీహెచ్‌డీ మొత్తానికి సరిపోతుంది. మిల్లీగ్రాముకు సుమారు 25,000 పికోమోల్. అయితే అందులో ఎంతభాగం పనిచేసేదో బ్రాడ్‌ఫర్డ్ (మొత్తం ప్రోటీన్‌ను కొలిచే పరీక్ష) చెప్పదు. దానికొక మంచి ఉపాయం ఉంది. లైసిన్ చక్కెరను పట్టుకున్న క్షణంలో తాజాగా కలిపిన సోడియం బోరోహైడ్రైడ్ వేస్తే ఆ పట్టు శాశ్వతమైపోతుంది, ఎంజైమ్ డీఎన్‌ఏకు అతుక్కునే ఉండిపోతుంది. ఎస్‌డీఎస్ జెల్ మీద ఫ్యామ్ వెలుగుతో పైన కొత్త పట్టీ వస్తుంది. వేసిన ప్రోటీన్‌లో ఎంత అట్లా చిక్కిందో చూస్తే కనీసం అంతన్నా బతికి ఉన్నట్టు. బోరోహైడ్రైడ్‌ను హుడ్ కింద కలుపు, మూత బిగించకు, గ్యాసు వస్తుంది.

డేటాషీట్‌లో ఇంకోటి చూడు: 326వ స్థానంలో సెరినా, సిస్టీనా అని. మనుషుల్లో రెండు రకాలూ ఉన్నాయి. సిస్టీన్ రకం ఆక్సిడేషన్‌కు తొందరగా లొంగుతుంది, పాత డీటీటీతో చేసిన బఫర్లో ఇంకా తొందరగా. డీటీటీ ఎప్పటికప్పుడు తాజాగా కలుపుకో.

లేబులు మీద పరిశోధనకు మాత్రమే అని రాసి ఉండటం గురించి కూడా ఒక మాట. నీ ఫలితం కూలీల గుంపు గురించి చెప్తుంది, ఫలానా మనిషికి జబ్బొస్తుందని చెప్పదు. వాళ్లలో ఎవరైనా నా రిపోర్టు ఏమిటమ్మా అని అడిగితే, తోక పొడవు చూపించి భయపెట్టకు. మందు కొట్టేటప్పుడు ముక్కుకు గుడ్డ, చేతికి తొడుగు, అయ్యాక సబ్బుతో స్నానం చెయ్యమని వాళ్ల భాషలో చెప్పు.

ముందు ఆ ఐదు ట్యూబుల టైట్రేషన్ చెయ్యి. క్షారం వేసిన గీత, వెయ్యని గీత పక్కపక్కన పెట్టి, అడెనిన్ జంట, ఎఫ్‌పీజీ కూడా అదే జెల్ మీద నడిపి, ఫొటో కత్తిరించకుండా మొత్తం పంపు. డీలరుకు రాయాలో, డిసెంబరు దాకా ఆగి సొంతంగా మొదలుపెట్టాలో ఆ ఫొటో చూసి చెప్తా.